డబ్బాలో సాలీడు తలుపేసుకుంది, శనివారం మందు కొట్టేవాళ్లొస్తున్నారు. ఏం చేయాలి?

గుంతకల్లు గూడ్స్ | మంగళవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ నేను కొత్త. మా మనవరాలు అకౌంటు తెరిచి, తెలుగు కీబోర్డు పెట్టించి, "ఇక నువ్వే రాసుకో తాతా" అని పడుకుంది. తప్పులుంటే సర్దుకోండి.

మాది గుత్తి, అనంతపురం జిల్లా. గుంతకల్లు డివిజన్‌లో 32 ఏళ్లు గూడ్స్ గార్డుగా చేసి 2018లో రిటైరయ్యాను. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు, నాకా భోగం దక్కలేదు. మా ఆవిడ పోయాక బెంగళూరులో అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. హూడిలో తొమ్మిదో అంతస్తు. పొద్దున ఎనిమిదిన్నరకి అందరూ వెళ్లిపోతారు. సాయంత్రం నాలుగు దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్జు చప్పుడూ. కిటికీలోంచి చెన్నై లైను కనిపిస్తుంది, అది చూస్తూ కూచుంటాను.

ఆగస్టులో ఒకరోజు ఆ కిటికీ చట్రం మీదే ఒక సాలీడు కనిపించింది. చిటికెనవేలి గోరంత ఉంటుంది. గోధుమరంగు ఒళ్లు, వీపు మధ్యలో తలనుంచి తోకదాకా లేత చార. చుట్టుపక్కల గూడూ లేదు, బూజూ లేదు. పేపరు మడిచి కొడదామని చెయ్యెత్తాను. మామూలు సాలీడైతే పరిగెత్తి మూలకి పోతుంది కదా. ఇది పోలేదు. ఒళ్లంతా నావైపు తిప్పింది, మొహం కొంచెం పైకెత్తింది. ముందు రెండు పెద్ద కళ్లు, నల్లగా, ఇంజను హెడ్‌లైట్లలా. నోటి దగ్గర రెండు బుల్లి చేతులుంటే వాటిని పైకీ కిందికీ ఆడించింది. జన్మంతా జెండా ఊపి బతికినవాణ్ణి. పేపరు దించేశాను.

మూడు రోజులు వరసగా అక్కడే ఉంది. నాలుగోరోజు జీడిపప్పు బర్ఫీ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాకి సూది కాల్చి చిల్లులు పెట్టి అందులో దింపాను. పేరు గార్డు, పెట్టింది మనవరాలు. బ్యాట్‌తో చంపిన దోమ వేస్తే ముట్టదు, కదిలితేనే తింటుంది. అందుకని చచ్చిన దోమని నా తలవెంట్రుకకి తగిలించి ఊపాను. (వెంట్రుకలు మిగిలినవే తక్కువ, అది వేరే సంగతి.) పిల్లి పక్షిని పట్టేటప్పుడు పొట్ట నేలకానించి జరుగుతుంది చూశారా, అచ్చం అలాగే జరిగి, ఆగి, వెనక నుంచి ఒక దారం డబ్బాకి అంటించుకుని, ఒక్క గెంతు. నేను ఉలిక్కిపడి వెంట్రుక వదిలేశాను.

ఇప్పుడు అసలు విషయం. పోయిన బుధవారం నుంచి అది మూత మూలలో తెల్లగా, మందంగా, పట్టు సంచీలాంటిది కట్టుకుని లోపలే ఉండిపోయింది. తలుపు కూడా లేదు, అన్నివైపులా మూసేసుకుంది. అంతకుముందు పొట్ట బాగా ఉబ్బి ఉండేది. ఇవాళ్టికి ఆరు రోజులు, తిండి లేదు, నీళ్లు లేవు. టార్చి వేస్తే లోపల నీడ కనిపిస్తోంది గానీ కదలడం లేదు. బతికుందా? మూత తీసి చూడనా?

రెండోది. మూడు నెలలకోసారి మా అల్లుడు ఇల్లంతా పురుగుల మందు కొట్టిస్తాడు. ఈ శనివారం వస్తున్నారు. అల్లుడు చాలా మంచివాడు, కానీ ఎనిమిది కాళ్లది ఏది చూసినా కుర్చీ ఎక్కుతాడు. డబ్బాని ఈ స్థితిలో కదపొచ్చా?

మూడోది చిన్నది. నాలుగో అంతస్తులో ఒక హిందీ అబ్బాయి టరాంటులా అనే అరచేతంత సాలీడుని పెంచుతున్నాడు. మనవరాలు చూసొచ్చి తనకీ కావాలని పట్టు. ఆ అబ్బాయికి తెలిసినవాళ్లెవరో నాలుగు వేలకి ఒక పిల్లని ఇస్తారట, నీలం రంగుదట, పేరేదో గూటీ సఫైర్ అన్నాడు. గూట్లో ఉంటుంది కాబట్టి గూటీ కాబోలు. ఎనిమిదేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో అది మంచిదేనా?

మడివాళ పీజీ | మంగళవారం, రాత్రి 9:48

అంకుల్, మా రూములో అద్దె కట్టకుండా ఇలాంటివి ఆరున్నాయి. ఓనరుకి తెలిస్తే వాటికీ అడ్వాన్సు అడుగుతాడు. మీ ప్రశ్నకి జవాబు నాకు తెలీదు గానీ ఆ వెంట్రుక ఐడియా రేపే చేసి చూస్తా.

బనశంకరి భారతి | మంగళవారం, రాత్రి 11:25

బాబాయ్ గారూ, కంగారు పడకండి. నూటికి తొంభై పాళ్లు అది నిక్షేపంగా ఉంది. మూత మాత్రం తియ్యకండి! పట్టు సంచీ మూతకి అంటుకుని ఉంది కాబట్టి మూత ఎత్తగానే చిరిగిపోతుంది. ఈ గెంతే సాలీళ్లు ఎప్పుడూ డబ్బాలో అన్నిటికంటే ఎత్తైన మూలే ఎంచుకుంటాయి. అందుకే మేము డబ్బాని బోర్లించి, మూత కిందికొచ్చేలా వాడతాం, లేదా పక్కన చిన్న తలుపు కోస్తాం. మొదటిసారి నేనూ మూత పైకే పెట్టాను, రోజూ దాని ఇల్లు పీకి రోజూ మళ్లీ కట్టించాను పాపం.

మీరు చెప్పిన గోధుమరంగు, మధ్య చార, ఇంటి గోడల మీద తిరగడం చూస్తే ప్లెక్సిప్పస్ పేకుల్లి అనే రకంలో ఆడది అనిపిస్తోంది. ఫొటో పెడితే ఇంకా నమ్మకంగా చెబుతాను. మన ఊళ్లలో, ఇళ్లలో మామూలుగా కనిపించేదే. మగవైతే నలుపు మీద తెల్ల చారలతో ఇంకా ఠీవిగా ఉంటాయి.

అది మిమ్మల్ని తిరిగి చూసిందన్నారే, అది మీ భ్రమ కాదు. వాటికి ఎనిమిది కళ్లు. పక్కలనున్న చిన్న కళ్లు కదలికని పసిగడతాయి, వెంటనే ఒళ్లు తిప్పి ఆ రెండు హెడ్‌లైట్లతో వివరంగా చూస్తుంది. పైకి ఆ కళ్లు కదలవు, లోపల గొట్టంలాంటి రెటీనా మాత్రం కండరాలతో అటూ ఇటూ జరుగుతుంది. మీ మొహాన్ని ముక్కలు ముక్కలుగా చదువుకుందన్నమాట. జెండా ఊపిన చేతుల్ని పెడిపాల్ప్‌లు అంటారు. గెంతేముందు అంటించిన దారం దాని లైఫ్‌లైన్, గురి తప్పినా కింద పడదు.

ఇప్పుడు ఎందుకు తలుపేసుకుంది? రెండే కారణాలు. ఒకటి కుబుసం విడవడం. తిండి మానేసి, మందంగా గూడు కట్టుకుని వారమో పది రోజులో ఉండి కొత్త చర్మంతో వస్తుంది. రెండోది గుడ్లు. పొట్ట బాగా ఉబ్బింది, బయట దొరికిన పెద్ద సాలీడు అంటున్నారు, నా పందెం గుడ్ల మీదే. బయట తిరిగే పెద్ద ఆడవాటికి చాలావరకు అప్పటికే జత కుదిరి ఉంటుంది. టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి వేసి చూడండి. సాలీడు నీడ కాకుండా, దాని కింద లేత పసుపులో గుండ్రటి బిళ్లలాంటిది కనిపిస్తే అవి గుడ్లు. తల్లి వాటిమీద కూచుని కాపలా కాస్తుంది, ఆ రోజుల్లో పెద్దగా తినదు. ఏదైనా సరే చెయ్యాల్సింది ఒకటే: ముట్టుకోవద్దు, రెండ్రోజులకోసారి డబ్బా గోడకి, గూటికి దూరంగా, తాగేనీళ్ల తుంపర ఒకటి చల్లండి.

శనివారం విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇళ్లలో కొట్టే మందుల్లో ఎక్కువగా పైరిత్రాయిడ్లు ఉంటాయి. బొద్దింక నరాల మీద ఎలా పనిచేస్తుందో గార్డు మీదా అలాగే. గది తలుపు మూసినా లాభం లేదు, వాసన పోయాక కూడా మందు గోడల మీద వారాల తరబడి ఉంటుంది. డబ్బాని కుదుపు లేకుండా తీసుకెళ్లి కనీసం వారం రోజులు ఇంకొకళ్లింట్లో ఉంచండి. నెమ్మదిగా కదిపితే ఏమీ కాదు, తలకిందులు మాత్రం ఇప్పుడు చెయ్యకండి. అల్లుడుగారి గొడవ బొద్దింకలతోనే అయితే, స్ప్రే బదులు వంటింటి మూలల్లో జెల్ చుక్కలు పెట్టమని అడిగి చూడండి. ఇంకోమాట, దోమల లిక్విడ్ ప్లగ్గు పెట్టిన గదిలో కూడా డబ్బా వద్దు, అదీ ఇదే కుటుంబం మందు. ఆ గదిలో పడిన దోమని వెంట్రుకకి కట్టొద్దు.

ఇక మూడో ప్రశ్న. దీన్ని మీరు చిన్నదన్నారు! నాకు నవ్వాగలేదు, క్షమించండి. గూటీ అంటే గూడు కాదు బాబాయ్ గారూ. జీ, రెండు ఓలు, టీ, వై. మీ గుత్తే!

1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయన చేతికొచ్చిన ఆ ఒక్క సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. తర్వాత వంద సంవత్సరాలు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. దాని అసలు ఇల్లు అదీ, పెద్ద చెట్ల తొర్రల్లో. గుత్తికి అది దుంగల్లో పడి రైల్లో వచ్చి ఉంటుందని అంటారు. పేరు మాత్రం మీ ఊరికే పడిపోయింది. యూరప్‌లో, అమెరికాలో టరాంటులాలు పెంచేవాళ్లని అడగండి, హైదరాబాదు తెలియనివాళ్లకి కూడా గూటీ తెలుసు. ఒంటి మీద ఆ నీలం రంగు కూడా రంగు కాదు, నెమలీకలో లాగా సన్నటి నిర్మాణాల మీద వెలుగు విరిగి అలా కనిపిస్తుంది.

మీరు కొనకండి. అది బతికే అడవి మొత్తం వంద చదరపు కిలోమీటర్ల లోపే. వంటచెరుకుకి చెట్లు కొట్టడం, అమ్మకానికి పట్టుకుపోవడం, ఈ రెండింటి వల్ల 2008లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో పెట్టారు. 2019 నుంచి పీసిలోథీరియా జాతులన్నీ సైట్స్ ఒప్పందం (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసేది) రెండో అనుబంధంలో ఉన్నాయి. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్నారు. దాని ప్రకారం ఇలాంటివి దగ్గరుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. నాలుగు వేలకి చేతిలో పెట్టేవాడు ఏ కాగితం ఇస్తాడో అడగండి, ఆ అబ్బాయి మొహం చూడండి.

చట్టం సంగతి అటుంచినా ఎనిమిదేళ్ల పిల్ల ఉన్న ఇంటికి అది తగదు. అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి పొట్ట మీద దురద వెంట్రుకలుంటాయి, కోపమొస్తే వెనక కాళ్లతో వాటిని రాల్చి విసురుతాయి. మన ఆసియావాటికి ఆ ఆయుధం లేదు. అందుకని వేగం ఎక్కువ, విషం ఘాటు ఎక్కువ. ఈ గుత్తిది కరిచి మనుషులు పోయిన దాఖలా లేదు గానీ, నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉంటుందని కరిపించుకున్నవాళ్లు చెప్పారు.

నా దగ్గరున్నది మెక్సికో ఎర్రమోకాళ్లది, ఆడది, 2016 నుంచి. అదీ సైట్స్‌లో ఉన్నదే కాబట్టి 2024లో రూల్స్ రాగానే కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాను. పేరు సుబ్బులు. కొత్తలో ఒక పొద్దున లేచి చూస్తే వెల్లకిలా పడి, ఎనిమిది కాళ్లూ గాలిలోకి పెట్టి ఉంది. ఏడ్చాను. అమ్మ ఓదార్చి, కాఫీ ఇచ్చి, పాత పేపరు తెచ్చింది, చుట్టి కింద చెట్టు దగ్గర పూడ్చేద్దామని. పేపరు పరిచేలోపు ఒక కాలు కదిలింది. టరాంటులాలు కుబుసం విడిచేది వెల్లకిలా పడుకునేనని అప్పుడు తెలిసింది. నిజంగా చచ్చిపోయినది కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటుంది. ఆ నాలుగు గంటలూ అమ్మా నేనూ పెళ్లిచూపులకి కూచున్నట్టు గాజు పెట్టె ముందు కూచున్నాం. పాత చర్మం మొత్తం, కోరలతో సహా, చేతిగ్లౌజు ఊడదీసినట్టు ఊడొచ్చింది. కొత్త కోరలు పాలలా తెల్లగా ఉంటాయి, అవి నల్లబడేదాకా తిండి పెట్టకూడదు. లోపల మిడత ఉంటే అదే మెత్తటి సాలీడుని కొరికేస్తుంది.

పెంచడం కష్టం కాదు. వారానికో మిడతో, చిమటో, నీళ్ల గిన్నె, నాలుగంగుళాల కొబ్బరిపొట్టు. నెలల తరబడి తినకపోయినా బతుకుతుంది. కష్టమల్లా ఓపిక. ఈ రకం ఆడది ఇరవై ఏళ్లకి పైనే బతుకుతుంది. ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది కాబట్టి పిల్లల చేతికివ్వకూడదు. అరచేతిలో పెట్టుకుని ఫొటో దిగాలనుకునే పిల్లకి టరాంటులా వద్దు. మీ మనవరాలికి గార్డు చాలు బాబాయ్ గారూ, అది తిరిగి చూస్తుంది. సుబ్బులు తొమ్మిదేళ్లలో నన్ను ఒక్కసారీ చూడలేదు.

అడయార్ అరుణ | బుధవారం, ఉదయం 7:05

భారతిగారు అంతా చెప్పేశారు, ఒక్కటి కలుపుతా. తుంపర అంటే తుంపరే. చెన్నైలో నేను ప్రేమకొద్దీ రోజూ చల్లాను. ఇక్కడి గాలిలో ఉన్న తడికి అది తోడై వారంలో గూటికి బూజు పట్టింది. మొదటి సాలీడు అలా పోయింది. రెండోది ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కొరియర్ డబ్బాలో కాళ్లు ముడుచుకుని వచ్చింది, మే నెల ఎండలో నాలుగు రోజులు తిప్పారట. మూడోది మా ఇంటి గోడ మీదే దొరికింది. ఉచితం, ఆరోగ్యం.

కిటికీ తెరిచే ఉంది | బుధవారం, మధ్యాహ్నం 1:30

పెద్దాయనా, తప్పుగా అనుకోకండి. దాని బతుకంతా ఏడాది. ఆ ఏడాదిలో రెండు నెలలు బర్ఫీ డబ్బాలో ఎందుకు? కిటికీ మీద మూడు రోజులు చూసి ఆనందించారు కదా, నాలుగోరోజు కూడా అలాగే చూడొచ్చు. కెన్యాలో విక్టోరియా సరస్సు దగ్గర రక్తం తాగిన దోమల్నే ఏరి పట్టుకునే గెంతే సాలీడు ఒకటుంది. మనం మాత్రం దోమకి మందు కొట్టి, దోమని తినేదాన్ని డబ్బాలో పెట్టి, దాన్ని మందు నుంచి కాపాడటానికి ఫోరంలో సలహాలడుగుతున్నాం. ఈ పెంపకం మోజు వల్లే కదా అడవిలో చెట్టు తొర్రలు తవ్వేది.

బనశంకరి భారతి | బుధవారం, రాత్రి 8:15

చివరి వాక్యం ఒప్పుకుంటాను. అడవిలో పట్టింది కొనేవాళ్లని నేనూ తిడతాను. కానీ శనివారం ఆ కిటికీ మీదే స్ప్రే పడబోతోంది. ఇప్పుడు వదిలెయ్యమంటే ఎక్కడికి వదలాలి?

గుంతకల్లు గూడ్స్ | ఆదివారం, సాయంత్రం 6:40

భారతమ్మా, నీ జవాబు నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు మనవరాలు చదివి వినిపించింది, ఆ సుబ్బులు కథ దగ్గర మళ్లీ మళ్లీ ఆపి.

ముందు టార్చి సంగతి. పక్కనుంచి వేశాను. లేత పసుపు బిళ్ల, శనగపప్పు బద్దంత, దానిమీద కాళ్లు పరుచుకుని గార్డు. నీ పందెం గెలిచావు. గార్డు ఆడదని తెలిసి మనవరాలు పేరు మార్చాలా అని అడిగింది. ఇప్పుడు ఆడపిల్లలూ గార్డులుగా వస్తున్నారు, అక్కర్లేదన్నాను.

అల్లుడితో జెల్ మాట ఎత్తాను. ఈసారికి డబ్బులు కట్టేశాను మావయ్యా, వచ్చేసారి చూద్దాం అన్నాడు. సరే, అంతవరకూ వచ్చాడు. శనివారం పొద్దునే డబ్బాని టిఫిన్ క్యారియర్ సంచీలో పెట్టుకుని, కింద తువ్వాలు మెత్తగా వేసి, మెల్లగా నడుచుకుంటూ హూడి స్టేషనుకి పోయాను. వేరే ఎక్కడికి పోతాను? ప్లాట్‌ఫారం బల్ల మీద నీడలో కూచున్నాం ఇద్దరమూ. బృందావన్ పోయింది. రెండు గూడ్సులు పోయాయి. ఒకదాని బ్రేక్‌వ్యాన్‌లో నిలబడ్డ కుర్రాడికి చెయ్యూపితే వాడూ ఊపాడు. పక్కన కూచున్న పూలమ్మే ఆవిడ సంచీలోకి తొంగిచూసి "జేడ" అంది కన్నడంలో, అని కొంచెం జరిగింది. కాసేపటికి మళ్లీ దగ్గరికొచ్చి, గుడ్లు చూపించమంది.

సాయంత్రం డబ్బాని నాలుగో అంతస్తు అబ్బాయికి అప్పగించాను. టరాంటులా ఉంది కదా, వాడింట్లో మందు కొట్టించడు. వారం ఉంచుకుంటానన్నాడు. నీలందానికి కాగితాలేవి నాయనా అని అడిగాను. నువ్వు చెప్పినట్టే వాడి మొహం చూశాను. మంచి పిల్లాడే, నిజంగానే తెలీదు వాడికి. తన దగ్గరున్నదాన్ని నమోదు చేయించాలా అని కంగారుగా అడుగుతున్నాడు. ఇక్కడికొచ్చి నిన్నే అడగమన్నాను.

కిటికీ పేరు పెట్టుకున్న బాబూ, నీమీద కోపం లేదు. నువ్వన్నది రెండ్రోజులు నన్ను తినేసింది. పిల్లలు బయటికొచ్చాక తల్లినీ పిల్లల్నీ వదిలేస్తాను.

ఇక గుత్తి మాట. ఛార్జిషీట్ల నుంచి ట్రిప్ రిపోర్టుల దాకా ముప్పైరెండేళ్లు ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రాసినవాణ్ణి. గూటీ అని చెవిన పడితే నాకే తట్టలేదంటే ఏం చెప్పను. నువ్వు చెప్పిన నంద్యాల, గిద్దలూరు అడవిలోనే గాజులపల్లె, దిగువమెట్ట మధ్య ఘాట్ నాకు అరచేతిలో గీతల్లాగ తెలుసు. మీటర్ గేజ్ రోజుల్లో బండి అక్కడ మనిషి నడిచినంత వేగంతో ఎక్కేది. రాత్రిపూట బ్రేక్‌వ్యాన్‌లో లాంతరు పెట్టుకుని ఒంటరిగా కూచుంటే, రెండువైపులా చెట్లు చేతికందేలా ఉండేవి. ఎలుగుబంటి వస్తుందేమో అని భయం. ఒకసారి, 1989లోనో 90లోనో, బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఒక మద్ది చెట్టు తొర్ర మీద లాంతరు వెలుగు పడింది. అంచున ఏవో కాళ్లు, పొడుగ్గా, చారలు చారలుగా. వెంటనే లోపలికి లాక్కుంది. ఏ రంగో లాంతరు వెలుగులో ఏం తెలుస్తుంది. అదేనని నేను ప్రమాణం చెయ్యను. నల్లమలలో సాలీళ్లు కోటి ఉంటాయి. కానీ మొన్నటి నుంచి రాత్రి పడుకుంటే ఆ తొర్రే కళ్లముందు.

మడివాళ పీజీ | ఆదివారం, రాత్రి 7:02

అంకుల్, వెంట్రుక పని చేసింది. వీడియో తీసేలోపు దోమతో సహా వెంట్రుక కూడా పట్టుకుపోయింది.

గుంతకల్లు గూడ్స్ | నాలుగు వారాల తర్వాత, శనివారం, ఉదయం 10:20

పిల్లలొచ్చాయి! గసగసాల కంటే కొంచెం పెద్దవి, ఒక్కోదానికీ అప్పుడే ఆ రెండు కళ్లు. లెక్కపెడదామని మొదలుపెట్టి ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే మిగతావి నేను సూదితో పెట్టిన చిల్లుల్లోంచే బయటికొచ్చేస్తున్నాయి. నా పనితనం నాకే ఎదురు తిరిగింది. మనవరాలు డబ్బా పట్టుకుని పరిగెత్తి బాల్కనీలో కరివేపాకు కుండీ మీద పెట్టింది. పొద్దుటి ఎండకి ఆకుల మధ్య సన్నటి దారాలు మెరుస్తున్నాయి. కొన్ని కొమ్మ చివరికెక్కి, పొట్ట పైకెత్తి, దారం గాలికి వదిలి ఎగిరిపోయాయి. ఎక్కువ శాతం కింది అంతస్తువాళ్ల బాల్కనీలోకే అనుకుంటాను.

అల్లుడు గాజు తలుపు అవతల నుంచి చూశాడు. కుర్చీ ఎక్కలేదు. వచ్చే నెల నుంచి జెల్‌కి ఒప్పుకున్నాడు, బాల్కనీలో మాత్రం ఏ మందూ వద్దని మనవరాలు రాసి అంటించింది.

తల్లి మాత్రం పోలేదు. మూత తెరిచి పెట్టినా రెండ్రోజులుగా డబ్బా అంచునే కూచుంది. పొట్ట బాగా లోపలికి పోయి, ముడతలు పడి, అరటి తొక్కలా ఉంది. భారతమ్మా, ఇప్పుడు దానికి దోమ పెట్టొచ్చా?

బనశంకరి భారతి | శనివారం, ఉదయం 10:31

వెంటనే పెట్టండి బాబాయ్ గారూ. ముందు ఒక నీటిచుక్క, తర్వాత చిన్న దోమ, ఒక్కటే. వెంట్రుకలు మిగిలే ఉన్నాయా?